హాయ్ గుమ్మడి

"హాయ్ గుమ్మడి! మీరు లేక మా క్లాసు బోసిపోయింది. మీ అభ్యాస ప్రయాణాన్ని ఈ రోజే కొనసాగించండి!"

ఒక ఆన్‌లైన్ విద్యాసంస్థలో చేరి, మూడు వారాల తర్వాత కనిపించకుండా పోయిన ఒకావిడకు వెళ్లిన సందేశం ఇది. ఆవిడకు నలభై దాటాయి. ఒక జిల్లా కేంద్రంలో నాలుగు కుట్టు మిషన్లు పెట్టుకుని, ఇద్దరు అమ్మాయిలకు పని ఇస్తూ బతుకుతున్నారు. దుకాణం లెక్కలు ఇంకొకరి చేతిలో పెట్టకుండా తానే రాసుకోవాలని అకౌంట్స్ కోర్సులో చేరారు. గుమ్మడి ఆవిడ ఇంటిపేరు. మన దగ్గర ఇంటిపేరు ముందు వస్తుందని ఆ సాఫ్ట్‌వేరు రాసినవాళ్లకు తెలియదు. తెలిసినవాళ్లు చెప్పలేదు. పేరు అడిగే గడిలో మొదటి మాట ఏది కనబడితే దానికి "హాయ్" తగిలించి పంపేసింది. ఆ వారం అలాగే ఒక బండికి, ఒక మేకలకు, ఒక ఉప్పుకు కూడా హాయ్‌లు వెళ్లాయట.

ఆ సంస్థవాళ్లు నాకు ఫోను చేసింది సరిగ్గా ఈ విషయం మీదే. పేర్ల సంగతి కాదు, అది అప్పటికి వాళ్ల దృష్టిలోనే లేదు. "సార్, మా సిబ్బంది మాటల్లో మానవీయ స్పర్శ తగ్గిందని అభిప్రాయ సేకరణలో తేలింది. రెండు రోజులు శిక్షణ ఇవ్వగలరా?" అన్నారు. నేను ముప్పై ఏళ్లకు పైగా కాలేజీలో కామర్స్ చెప్పినవాణ్ని. అందులో ఇరవై ఏళ్ల ఆదివారాలు దూరవిద్య స్టడీ సెంటరుకే పోయాయి. మానవీయ స్పర్శ అనే సరుకు నా దగ్గర నిలవ ఉందని ఎవరో చెప్పినట్టున్నారు. వెళ్లాను.

వెళ్లేసరికి నా కోసం ఒక పుస్తకం సిద్ధంగా ఉంది. సిబ్బంది ఏ సందర్భంలో ఏమనాలో అందులో అచ్చు వేసి ఉంది. విద్యార్థి కోపంగా ఉంటే "మీ భావాలను నేను అర్థం చేసుకోగలను" అనాలి. పరీక్ష తప్పితే "ఇది అంతం కాదు, ఆరంభం" అనాలి. వీడియో ఆగిపోతే "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అనాలి. ఈ చివరిది చదవగానే నాకు విజయవాడ స్టేషను ప్లాట్‌ఫారం మీద నిలబడినట్టే అనిపించింది. రైలు మూడు గంటలు ఆలస్యమైనా ముప్పై నిమిషాలు ఆలస్యమైనా ఒకే స్వరంలో చింతించే ఆ గొంతు మనందరికీ తెలుసు. ఆ వాక్యంలో మర్యాదకు ఏ లోటూ లేదు. ఎవరికైనా, ఎప్పుడైనా, ఏమీ తెలియకుండానే చెప్పగలగడమే దాని లోపం.

నా వాదన ఇక్కడే మొదలవుతుంది. ఆన్‌లైన్ చదువులో ఆత్మీయతను స్వరం సంగతిగా చూస్తున్నారు. గొంతు మెత్తగా ఉండాలి, మాట తియ్యగా ఉండాలి, చివర ఒక నవ్వు బొమ్మ ఉండాలి. నా అనుభవంలో విద్యార్థికి వీటితో పెద్దగా పని లేదు. తాను రాసింది ఎవరో చదివారని, తాను ఎక్కడ ఆగిపోయాడో ఎవరో చూశారని ఒక్క రుజువు దొరికితే అతను నిలబడతాడు. ఎదురుగా మనిషి కనపడని చోట ఆత్మీయతకు ఇంకో రూపం లేదు. కాబట్టి సిబ్బందికి నేర్పవలసింది నవ్వడం కాదు, చదవడం.

ఇది నేను కనిపెట్టింది కాదు. దూరవిద్య పుట్టుకే ఇక్కడ ఉంది. 1840లో ఇంగ్లండులో ఒక పెన్నీ బిళ్లతో దేశంలో ఏ మూలకైనా ఉత్తరం పంపే తపాలా పద్ధతి వచ్చింది. ఐజాక్ పిట్‌మన్ తన షార్ట్‌హ్యాండ్‌ను ఆ తపాలాలోనే నేర్పడం మొదలుపెట్టాడు. విద్యార్థులు బైబిలు వాక్యాలను షార్ట్‌హ్యాండ్‌లో రాసి పంపేవారు, ఆయన దిద్ది తిరిగి పంపేవాడు. అచ్చేసిన పాఠాలు అప్పటికే ఎన్నో ఉన్నాయి. ఆయన చేసిన కొత్త పని పాఠం పంపడం కాదు, దిద్ది వెనక్కి పంపడం. ఉత్తరాలు పెరిగి ఒక్కడి వల్ల కాకపోతే దిద్దడం మానలేదు, దిద్దేవాళ్ల సంఘమే ఏర్పడింది. మన ఆన్‌లైన్ సంస్థలు విద్యార్థులు పెరిగినప్పుడు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు.

బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడి, 1971లో పాఠాలు మొదలుపెట్టింది. బీబీసీలో వేళ కాని వేళల్లో వచ్చిన దాని టీవీ పాఠాల గురించే లోకం గొప్పగా చెప్పుకుంది. లోపల దాన్ని నిలబెట్టింది ట్యూటర్లు. ఒక్కో ట్యూటరు చేతిలో ఒక చిన్న గుంపు. విద్యార్థి రాసిన అసైన్‌మెంటు మీద ట్యూటరు రాసే వ్యాఖ్యను అక్కడ మార్కులు వేసే పనిలో భాగంగా చూడరు, బోధనగానే లెక్కిస్తారు. నాకు నచ్చింది ఇంకొకటి ఉంది. ట్యూటరు దిద్దిన కాగితాల్లో కొన్నింటిని తీసి ఇంకొక అనుభవజ్ఞుడు చదువుతాడు. మార్కులు సరిగ్గా వేశారా అన్నదొక్కటే కాదు, విద్యార్థికి పనికొచ్చేలా రాశారా అని చూస్తాడు. దిద్దేవాణ్ని దిద్దే మనిషి అన్నమాట.

మనకూ ఈ చరిత్ర కొత్తది కాదు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో పుట్టింది. ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్నది అదే. దానికి తొలి ఉపకులపతి అయిన ఆచార్య జి. రాంరెడ్డి గారే 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, అంటే ఇగ్నోకు కూడా తొలి ఉపకులపతి అయ్యారు. బడి మధ్యలో మానేసినవాళ్లు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి తెరుచుకుంది. తెలుగులో పాఠ్య పుస్తకాలు, రేడియో పాఠాలు, ఆదివారం కాంటాక్ట్ క్లాసులు వచ్చాయి. కండక్టర్లు, కానిస్టేబుళ్లు, పెళ్లితో చదువు ఆగిపోయిన గృహిణులు ఎంతమంది అలా పట్టా పుచ్చుకున్నారో మన ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. దూరవిద్య సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికే ఇగ్నో 1993లో స్ట్రైడ్ అనే సంస్థను పెట్టింది. అంటే కనపడని విద్యార్థితో ఎలా మెలగాలన్న విద్య మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. 2020లో ఇంటింటికీ ఫోనులో తరగతులు వచ్చినప్పుడు మాత్రం, ఈ సమస్య లోకంలో మొదటిసారి ఎదురైనట్టు అందరం కంగారుపడ్డాం.

నా సొంత పాఠం ఒకటి చెప్పాలి. స్టడీ సెంటరులో చేరిన కొత్తలో అసైన్‌మెంట్లు కట్టలుగా వచ్చేవి. ఒక్కో కాగితానికి ఇచ్చేది కొన్ని రూపాయలు. భోజనం చేసి కూర్చుని, పడుకునేలోగా అరవై దిద్దేసేవాణ్ని. ఎడమ వైపు మార్జిన్ నిండా టిక్కులు, చివర "గుడ్" అని ఒక మాట, కింద సంతకం. ఒక ఆదివారం క్లాసు అయ్యాక ఒక పోస్ట్‌మ్యాన్ నా దగ్గరికి వచ్చాడు. యూనిఫాంలోనే వచ్చేవాడు, కారణం ఎప్పుడూ అడగలేదు. కాగితం తీసి చూపించి, "తప్పుగా అనుకోకండి సార్, గుడ్ అని రాశారు, ఇరవై ఐదుకు పదకొండు వేశారు. ఎందులో గుడ్ సార్?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఆ పదకొండు ఎలా వచ్చాయో నాకూ తెలియదు. ఆ కాగితం నేను చదవలేదు, చూశానంతే.

తర్వాత మాకు ఇచ్చిన ఒక శిక్షణలో ఇలాంటి వ్యాఖ్యకు పేరు ఉందని తెలిసింది. బోలు వ్యాఖ్య. చూడటానికి మెప్పులా ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. దాని పక్కనే గాయపరిచే వ్యాఖ్య, దారి తప్పించే వ్యాఖ్య అంటూ ఇంకొన్ని రకాలు చెప్పారు. ఆ రోజు మా చేత చేయించిన పని నాకు ఇప్పటికీ గుర్తుంది. మేము దిద్దిన కాగితాలనే మాకు తిరిగి ఇచ్చి, విద్యార్థుల జవాబులు కనపడకుండా మూసి, మేము రాసిన వ్యాఖ్యలు మాత్రం చదవమన్నారు. "ఈ వ్యాఖ్య చదివితే జవాబు దేని గురించో తెలుస్తోందా?" అని అడిగారు. నా కట్టలో ఒక్కదానికీ తెలియలేదు. "గుడ్", "ఇంప్రూవ్ చేసుకోండి", "ఇంకా వివరించాలి". ఇవి అర్థశాస్త్రానికైనా సరిపోతాయి, వంటకైనా సరిపోతాయి.

అప్పటి నుంచి నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటే. ప్రతి కాగితం మీదా రెండు వాక్యాలు, ఆ కాగితానికి తప్ప ఇంకో కాగితానికి పనికిరానివి రాయాలి. జవాబు ఇంగ్లీషులో ఉన్నా, విద్యార్థి తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాడని అర్థమైతే మార్జిన్‌లో తెలుగులోనే రాసేవాణ్ని. "తరుగుదల లెక్క మొదటి ఏడాదికి సరిగ్గా కట్టారు. రెండో ఏడాది మళ్లీ అసలు ధర మీదే శాతం తీశారు, తగ్గిన విలువ మీద కదా తీయాలి?" అంతే. మెప్పు లేదు, ఓదార్పు లేదు. అలా రాసిన కాగితాలు కొందరు ఏళ్ల తరబడి దాచుకున్నారు. ఒక పెళ్లిలో ఎవరో పలకరించి, "నా కాగితం మీద మీరు తెలుగులో రాశారు సార్" అంటే నాకు ఆ మనిషి గుర్తు రాలేదు. సిగ్గు పడ్డాను. అయినా ఆ మనిషికి కావలసింది నేను గుర్తుపెట్టుకోవడం కాదనుకుంటాను. ఆ రోజు చదివాను, అది చాలింది.

అందుకే ఈ సంస్థవారి పుస్తకం పక్కన పెట్టి, మొదటి రోజు వాళ్ల మెంటర్ల చేత, అంటే విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు పంపే సిబ్బంది చేత, అదే పని చేయించాను. వాళ్లు ఆ నెలలో విద్యార్థులకు పంపిన జవాబుల్ని, ప్రశ్నలు తీసేసి, కాగితం మీద అచ్చు తీయించాను. ఇరవై మందిలో పద్దెనిమిది మంది తమ జవాబు ఏ ప్రశ్నకో చెప్పలేకపోయారు. గదిలో నవ్వులు మొదలయ్యాయి, కాసేపటికి ఆగిపోయాయి. అందరూ ఇరవై ఐదేళ్ల లోపు పిల్లలు. తెలివైనవాళ్లు, చెడ్డవాళ్లు కారు. వాళ్లకు ఇచ్చిన పనిముట్టే అలాంటిది. ఒక మీట నొక్కితే పది రకాల సానుభూతి వాక్యాలు తెర మీదకు వస్తాయి, ఒకటి ఎంచుకుని పంపాలి.

తర్వాత ఒక మాటను నిషేధించాను. "అర్థమైందా?" మన తరగతి గదుల్లో ఇది ప్రశ్న కాదు, తాళం. "అర్థమైందా?" "అయింది సార్." ఈ జవాబు వినని ఉపాధ్యాయుడు తెలుగు నేల మీద ఉండడు. అర్థం కానివాడు లేచి చెప్పడు. చెబితే తన బుద్ధికి తానే సాక్ష్యం ఇచ్చినట్టు. ఆన్‌లైన్‌లో దీన్ని ఇంకాస్త దిగజార్చి, "అర్థమైతే చాట్‌లో యెస్ అని కొట్టండి" అంటున్నారు. తెర నిండా యెస్‌లు పారతాయి. వాటిలో సగం పక్క గదిలో పాలు పొంగుతున్నాయేమో చూడటానికి వెళుతూ కొట్టినవి. బదులుగా ఏమడగాలి? "ఎక్కడ ఆగారు?" అని అడగమన్నాను. ఆ ప్రశ్నలో ఆగడం సహజమన్న ఒప్పుకోలు ముందే ఉంది. ఏ పాఠం, ఏ నిమిషం, ఏ లెక్క అని జవాబు కూడా చోటుతో సహా వస్తుంది.

మీరు, నువ్వు గొడవ ఒక పూట తీసుకుంది. ఇంగ్లీషువాడికి ఈ బాధ లేదు, ఒక్క మాటతో సరిపెట్టుకుంటాడు. మన మెంటరుకు ఇరవై మూడేళ్లు, విద్యార్థికి యాభై. దగ్గరతనం కోసం "నువ్వు" అంటే అవతల తండ్రి వయసువాడు. పద్దెనిమిదేళ్ల పిల్లను "మీరు, గారు" అంటే బ్యాంకు నోటీసు చదివినట్టు ఉంటుంది. ఒక మెంటరు, "సార్, అందరినీ డియర్ అంటే ఏ గొడవా ఉండదు" అన్నాడు. తెలుగు ఇళ్లలో పెళ్లయిన స్త్రీ ఫోనులో పరాయి మగపిల్లవాడి నుంచి "డియర్" అని సందేశం కనబడితే ఎంత గొడవ ఉంటుందో ఆ గదిలోని అమ్మాయిలే అతనికి వివరించారు. నేను చెప్పిన పరిష్కారం పాతదే. మీరుతో మొదలుపెట్టండి. "నన్ను నువ్వు అనండి సార్" అని వాళ్లే అంటే అప్పుడు మారండి. పేరు ఎలా పిలవాలో మొదటి రోజే అడగండి. అడగడమే సగం ఆత్మీయత.

దీనికి ఆనుకుని ఒక జాగ్రత్త ఉంది. శిక్షణలో దీన్ని ఎవరూ ముట్టుకోరు కాబట్టి చెబుతున్నాను. మన ఇళ్లలో ఫోను ఎవరిది? 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో బడిపిల్లలకు డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు టీచర్లకు మొదట ఎదురైన చిక్కు ఇదే. పాఠం టీవీలో వస్తుంది సరే, పిల్లవాడు చేసిన పని టీచరుకు చేరాలంటే వాట్సాప్ కావాలి. ఆ ఫోను తండ్రి జేబులో పనికి వెళ్లిపోతుంది, రాత్రికి గానీ రాదు. చాలామంది టీచర్లు వర్క్‌షీట్లు పట్టుకుని ఇళ్ల గడపలకే వెళ్లారు. ఏ సంస్థ శిక్షణా వాళ్లకు అది నేర్పలేదు. పెద్దవాళ్ల చదువులోనూ ఇదే. మధ్యాహ్నం పంపిన ప్రశ్నకు రాత్రి పదికి జవాబు వస్తే అది నిర్లక్ష్యం కాదు, ఫోను అప్పుడే ఇంటికి వచ్చిందన్నమాట. అలాగని రాత్రి పదకొండుకు మెంటరు తిరిగి ఫోను చేయకూడదు. ఏ వేళ, ఏ నంబరు, ఎవరి ఫోను అన్నవి మొదటి రోజే అడిగి రాసుకోవాలి. దగ్గరతనానికి హద్దు గీయడం వచ్చినవాడే దాన్ని నిలబెట్టుకోగలడు.

ఇక రెండో రోజు. టీ విరామం తర్వాత వెనక వరుసలో ఒక అమ్మాయి లేచింది. "సార్, మీరు చెప్పిందంతా బాగుంది. నా పేరు మీద నాలుగు వందల మంది ఉన్నారు" అని కూర్చుంది. అంతకు మించి ఏమీ అనలేదు.

తెల్లబోర్డు మీద లెక్క కట్టాం. కామర్స్ మేష్టరుకు అది సుఖమైన పని. ఎనిమిది గంటలు అంటే నాలుగు వందల ఎనభై నిమిషాలు. నాలుగు వందల మందికి పంచితే తలా రోజుకు డెబ్భై రెండు సెకన్లు. వారానికి ఆరు రోజులు పని చేస్తే ఏడు నిమిషాల చిల్లర. ఒక అసైన్‌మెంటు చదివి, దానికే చెందిన రెండు వాక్యాలు రాయడానికి, నా అనుభవంలో, ఎంత చేయి తిరిగినా పన్నెండు నిమిషాలు పడుతుంది. టీ తాగకపోయినా, మీటింగులు లేకపోయినా ఈ లెక్క కుదరదు. కుదరనప్పుడు మనిషి ఏం చేస్తాడు? నేను చేసిందే చేస్తాడు. "గుడ్" అని రాసి సంతకం పెడతాడు. నా పోస్ట్‌మ్యాన్ ప్రశ్నకు ముప్పై ఏళ్ల తర్వాత ఆ బోర్డు మీద పూర్తి జవాబు దొరికింది.

అందుకే ఆత్మీయత శిక్షణ అనేదాని మీద నాకు గట్టి అనుమానం ఉంది. శిక్షణ చవక, మనుషులు ఖరీదు. సంస్థ పెద్దలు మనుషుల్ని పెంచలేక, ఉన్నవాళ్ల మొహం మీద నవ్వు పెంచుతారు. అమెరికా సమాజ శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే పరిచారికల గురించి రాస్తూ, జీతం కోసం మనసులోని భావాలను అదుపు చేసి కావలసిన భావాన్ని మొహంలో చూపడం కూడా ఒక శ్రమే అని చెప్పారు. ఆ శ్రమ కనపడదు కాబట్టి దానికి కొలత ఉండదు, విశ్రాంతి ఉండదు. మన మెంటర్ల పని అదే. రోజుకు నూట యాభై మందికి "మీ భావాలు అర్థం చేసుకోగలను" అన్న పిల్ల సాయంత్రం ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడలేకపోతే ఆశ్చర్యం లేదు.

అధికారం సంగతి ఇంకొకటి. గదిలో అడిగాను. తల్లి ఆసుపత్రిలో ఉందని విద్యార్థి చెబితే, అసైన్‌మెంటు గడువు రెండు రోజులు పొడిగించే హక్కు మీలో ఎవరికి ఉంది? ఒక్క చేయీ లేవలేదు. "పై వాళ్లకు మెయిల్ పెడతాం సార్, నాలుగు రోజుల్లో జవాబు వస్తుంది." అప్పటికి గడువు ముగిసి రెండు రోజులు. ఇలాంటి చోట "మీ బాధ మాకు తెలుసు" అనడం కన్నా మౌనం నయం. నేను పనిచేసిన స్టడీ సెంటరులో ఒక అటెండరు ఉండేవాడు. ఏ విద్యార్థి ఏ బస్సులో వస్తాడో అతనికి తెలుసు. బస్సు లేటయితే హాజరు పుస్తకాన్ని బల్ల సొరుగులో పెట్టి, "సార్ సంతకం కాలేదండి" అని ఇంకో పావుగంట లాగేవాడు. అది నియమాలకు విరుద్ధం, నాకు తెలుసు. అతను ఎవరినీ ఓదార్చగా నేను చూడలేదు, ముఖం కూడా కొంచెం చిటపటగానే ఉండేది. అయినా మా సెంటరులో విద్యార్థులు ముందు పలకరించేది అతన్నే.

ఎదుటి పక్షం వాదనలూ వినాలి. చదువుకునే ప్రతివాడికీ ఈ దగ్గరతనం కావాలనుకోవడం మా తరం భ్రమ కావచ్చు. చాలామంది పెద్ద విద్యార్థులు ఆన్‌లైన్‌కు వచ్చేదే ఎవరూ చూడకుండా, ఎవరూ పలకరించకుండా తమ వేగంతో చదువుకోవచ్చని. 2012 ప్రాంతంలో అందరికీ తెరిచిన భారీ ఆన్‌లైన్ కోర్సులు వచ్చినప్పుడు, చేరినవాళ్లలో పదోవంతు కూడా చివరిదాకా ఉండటం లేదని గోల పుట్టింది. అందులో చాలామంది పూర్తి చేయాలనే చేరలేదు, తమకు కావలసిన రెండు పాఠాలు విని వెళ్లిపోయారు. అది వైఫల్యం కాదు. మన సంస్థలు "మిమ్మల్ని మిస్ అవుతున్నాం" అంటూ రోజూ చేసే ఫోన్లలో సగం ఆత్మీయత కాదు, తరువాతి కోర్సు అమ్మకం. విద్యార్థి వాటిని ఇట్టే పసిగడతాడు. ఒంటరిగా చదువుకునేవాణ్ని వదిలేయడం కూడా అతన్ని చదవడంలో భాగమే. ఎవరు ఇరుక్కుని ఆగారో, ఎవరు పని అయిపోయి ఆగారో తేడా తెలియాలంటే మళ్లీ ఎవరో ఒకరు చూడాలి.

యంత్రం చూస్తుందిగా, అంటారు. 2016లో అమెరికాలోని జార్జియా టెక్‌లో ఆచార్య అశోక్ గోయల్ తన ఆన్‌లైన్ తరగతిలో జిల్ వాట్సన్ అనే పేరుతో ఒక కంప్యూటర్ ప్రోగ్రామును సహాయకుల మధ్య కూర్చోబెట్టారు. గడువు ఎప్పుడు, ఏ ఫైలు పంపాలి లాంటి మామూలు ప్రశ్నలకు అది జవాబు చెప్పింది. సెమిస్టరు చివర ఆయన చెప్పేదాకా చాలామంది విద్యార్థులు దాన్ని మనిషే అనుకున్నారు. నాకు ఇందులో అభ్యంతరం లేదు. గడువు తేదీ చెప్పడానికి మనిషి ప్రాణం ఎందుకు పెట్టాలి? అలా మిగిలిన గంటలు ఎక్కడికి వెళతాయన్నదే నా ప్రశ్న. మార్జిన్‌లో రెండు వాక్యాలకు వెళితే యంత్రానికి దండం పెడతాను. ఇక్కడ నేను చూసిన చోట మాత్రం అవి ఇద్దరు మెంటర్ల ఉద్యోగాలై బయటికి వెళ్లాయి, మిగిలినవాళ్ల పేరు మీద ఇంకో వంద మంది చేరారు.

దూరవిద్య మీద రాసిన మైకేల్ మూర్ అనే పండితుడు ఒక మాట అన్నారు. గురువుకూ విద్యార్థికీ మధ్య దూరాన్ని కిలోమీటర్లలో కొలవకూడదని, ఒకరికొకరు అర్థం కావడంలో ఉన్న ఖాళీలో కొలవాలని, ఆ ఖాళీని పూడ్చేది సంభాషణ అని. ఈ లెక్కన ఎనభై మంది ఉన్న ఇంటర్ తరగతిలో చివరి బెంచీ కూడా దూరవిద్యే. నేను కాలేజీలో చెప్పిన పాఠాల్లో చాలావాటికి ఇది వర్తిస్తుంది. ఒప్పుకోవడానికి ఇష్టంగా లేదు.

గుమ్మడి వారి సంగతికి వస్తాను. రెండో రోజు సాయంత్రం, వెనక వరుసలో లేచిన ఆ అమ్మాయే, అభ్యాసం కింద తన జాబితాలో మౌనంగా ఉన్నవాళ్లలో ఒకరికి ఫోను చేసింది. స్పీకరు పెట్టమన్నాను, అవతలి వారి అనుమతి అడిగే పెట్టింది. పేరు ఎలా పిలవమంటారని అడిగింది. తర్వాత "ఏ పాఠం దగ్గర ఆగారు?" అంది.

కొంచెం సేపు మిషను చప్పుడు వినపడింది. "నాలుగో పాఠం అమ్మా" అన్నారావిడ. "బ్యాంకులో డబ్బు వేస్తే పాసుబుక్కులో క్రెడిట్ అని పడుతుంది. మీ పాఠంలో బ్యాంకు ఖాతాకు డెబిట్ రాయమన్నారు. మూడుసార్లు విన్నాను. వాళ్లది తప్పా, మీది తప్పా? తెలివితక్కువ ప్రశ్నేమోనని అడగలేదు."

అది తెలివితక్కువ ప్రశ్న కాదు. లెక్కలు నేర్చుకునేవాళ్లలో బుర్ర పెట్టి ఆలోచించేవాళ్లు మాత్రమే వేసే ప్రశ్న. పాసుబుక్కు మన పుస్తకం కాదు, బ్యాంకు తన పుస్తకంలో మన గురించి రాసుకున్న పేజీ. మనం డబ్బు వేస్తే బ్యాంకు మనకు బాకీ పడుతుంది, కాబట్టి వాళ్ల పుస్తకంలో మనకు క్రెడిట్. మన పుస్తకంలో బ్యాంకు మనకు ఇవ్వవలసింది పెరిగింది, కాబట్టి బ్యాంకుకు డెబిట్. ఒకే లావాదేవీ, రెండు ఇళ్ల నుంచి చూడటం. ఆ అమ్మాయి దీన్ని దుకాణంలో అరువు తీసుకునేవాళ్ల ఉదాహరణతో చెప్పింది. మీ పుస్తకంలో వాళ్ల పేరున బాకీ ఉంటే, వాళ్ల పుస్తకంలో మీ పేరున అప్పు ఉంటుంది కదా అని. నేను ముప్పై ఏళ్లలో ఇంత బాగా చెప్పిన గుర్తు లేదు. అవతల మిషను ఆగింది. "ఓహో, వాళ్లు వాళ్ల వైపు నుంచి రాశారా!" అన్నారావిడ.

మొత్తం తొమ్మిది నిమిషాలు. ఎవరూ ఎవరినీ మిస్ అయినట్టు చెప్పుకోలేదు.

వచ్చేటప్పుడు సంస్థకు రెండు సూచనలు రాసి ఇచ్చాను. ఒకటి, ఫారంలో ఇంటిపేరుకూ పేరుకూ వేరు వేరు గడులు పెట్టి, ఎలా పిలవాలో అడిగే మూడో గడి చేర్చాలి. రెండు, ఒక్కో మెంటరుకు అరవై మందికి మించి ఉండకూడదు, మూడు రోజుల దాకా గడువు పొడిగించే హక్కు వాళ్లకే ఉండాలి. మొదటిది మర్నాటికే అయిపోయింది. రెండోది పరిశీలనలో ఉందట. నా శిక్షణ బాగా నచ్చిందని, దాన్ని ఇరవై నిమిషాల వీడియోగా చేసి చివర ఐదు ప్రశ్నలు పెట్టి సర్టిఫికెట్ ఇస్తామని కూడా రాశారు. జవాబు ఇవ్వలేదు ఇంకా.

ఆ అమ్మాయి మాత్రం నెల తర్వాత ఫోను చేసింది. ఒక నోటుబుక్కు పెట్టుకుందట. రోజుకు ఏడుగురిని ఎంచుకుంటుంది, వాళ్లు రాసింది మొత్తం చదువుతుంది, వాళ్లకే చెందిన రెండు వాక్యాలు రాస్తుంది. మిగిలినవాళ్లకు మీట నొక్కే జవాబులే వెళతాయి, ఇంకేం చేయను సార్ అంది. వారానికి నలభై మంది చొప్పున పది వారాలకు అందరి వంతూ ఒకసారి వస్తుంది.

కోర్సు పన్నెండు వారాలు.